యాభై నిమిషాల్లో గోల్కొండ

1687లో గోల్కొండను పట్టుకోవడానికి ఔరంగజేబుకు ఎనిమిది నెలలు పట్టింది. ఫిరంగులు దించాడు. గోడల కింద సొరంగాలు తవ్వించి మందుగుండు కూరిస్తే అది తిరిగి తన సైన్యం మీదే పేలింది. వానల్లో నానాడు, గింజలు అందక సైన్యాన్ని పస్తులుంచాడు. చివరికి లోపలి సర్దారు ఒకడిని కొనేసి, తెల్లవారుజామున తలుపు తీయించుకుంటే గానీ పని కాలేదు. అదే కోట ఆదివారం పూట మా బావగారి కుటుంబానికి యాభై నిమిషాల్లో లొంగిపోతుంది. టికెట్టు చింపించుకోవడం, ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టడం, బాలాహిస్సార్ దాకా ఎగబాకడం, పైన రొప్పుతూనే ఫొటోలు దిగడం, దిగొచ్చి "మొత్తం చూసేశాం" అని ప్రకటించడం, అన్నీ అందులోనే. ఔరంగజేబుకు తెలియని యుద్ధరహస్యం ఒకటుంది. బిర్యానీకి టేబుల్ ముందే బుక్ చేసుకుని బయల్దేరితే ఏ కోటా ఎక్కువసేపు నిలబడదు.

సికింద్రాబాద్‌లో, అంటే మా లష్కర్‌లో, సకుటుంబ చరిత్రయాత్రకు ముహూర్తాలు మూడే. వేసవి సెలవులు, దసరా సెలవులు, అమెరికా నుంచి ఎవరో ఒకరు దిగిన వారం. ఆ రోజుల్లో ఇంటి పెద్దకు ఉన్నట్టుండి జ్ఞానోదయమవుతుంది. "పిల్లలకి మన హిస్టరీ తెలియాలి బామ్మర్దీ" అంటాడు బావ. ఆయనకు చరిత్ర అంటే టెన్త్‌తో వదిలిన పీడ. ఇందులో పిల్లల బడి హస్తం కూడా ఉంటుంది లెండి. 'మన వారసత్వ కట్టడాలు' అని ఒక ప్రాజెక్టు ఇస్తారు. దానికి చార్టు స్టేషనరీ షాపులో రెడీగా దొరుకుతుంది. తాజ్‌మహల్, కుతుబ్‌మీనార్, చార్మినార్ బొమ్మలు వరసగా ఉంటాయి, కత్తిరించి అంటించడమే తరవాయి. కత్తిరించేది అక్క, అంటించేది అక్క, కింద అందమైన చేతిరాత అక్కది. పైన పేరు మాత్రం పిల్లవాడిది. మార్కులు పదికి పది. చరిత్రను ఎవరు రాస్తారో, ఎవరి పేరున చలామణీ అవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం బడిలో ఇంకోటి లేదు.

జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 2020 నుంచీ మెట్రో నడుస్తోంది. ఎక్కి దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం కూతవేటు దూరం. అయినా కారే తీస్తారు. తీసి, అఫ్జల్‌గంజ్‌లో ఇరుక్కుని, పార్కింగ్ దగ్గర ఒకాయనతో గొడవపడి, ఆ గొడవనే యాత్రావిశేషంగా వారమంతా ఆఫీసులో చెప్పుకుంటారు. అందులో మ్యూజియంలోని ముసుగు రెబెక్కా బొమ్మ ప్రస్తావన ఉండదు.

ముందు గోల్కొండ సంగతి పూర్తి చేస్తాను. పిల్లవాడు అడిగాడు:

"డాడీ, ఇది ఎవరు కట్టారు?"

"నవాబులు."

"ఏ నవాబులు?"

"అప్పట్లో అందరూ నవాబులే రా. కెమెరా చూడు."

కాకతీయుల కాలపు మట్టికోట, బహమనీలు, కుతుబ్ షాహీలు, మొగలాయిలు, అసఫ్‌జాహీలు, ఇంతమంది కలిసి కూడా మా బావ చేతిలో ఒక్క ముక్కలో తేలిపోయారు. ఇక చప్పట్లు. కింద కొడితే పైన బారాదరి దగ్గర వినిపిస్తుందన్నది నిజమే. శత్రువు వస్తున్నాడని పైకి హెచ్చరిక పంపడానికి చేసుకున్న ఏర్పాటది. ఇప్పుడు వచ్చినవాడల్లా కొడుతున్నాడు. పైన వినేవాడికి ఏ చప్పుడు ఎవరిదో తెలియదు. నాలుగు శతాబ్దాల ధ్వనిశాస్త్రం చివరికి "వినపడిందా? వినపడిందా?" అని సెల్‌ఫోన్లో అడగడం దగ్గరికొచ్చి ఆగింది.

అదే దారిలో, మెట్ల పక్కన, ఎవరూ చూడనివి కొన్నున్నాయి. కోట పైకి నీళ్ళెక్కించిన మట్టిగొట్టాలు, అంచెలంచెలుగా కట్టిన తొట్లు. కరెంటు లేదు, మోటారు లేదు. ఎద్దులు తిప్పే చక్రాలతో ఒక అంచె నుంచి ఇంకో అంచెకు తోడుకుంటూ కొండ మీదికి నీళ్ళు పంపారు. ఆ నీళ్ళు దుర్గం చెరువు నుంచి వచ్చేవంటారు. మా బావ ఆఫీసు ఆ దుర్గం చెరువు ఒడ్డునే. తీగల వంతెన మీద ఫొటో దిగని వారం లేదు ఆయనకి. మే నెలలో ఆయన అపార్ట్‌మెంటుకి నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి, ట్యాంకరు రాని రోజు వాట్సాప్ గ్రూపులో కురుక్షేత్రం జరుగుతుంది. అటువంటి మనిషి నీళ్ళ గొట్టాల పక్కనుంచి తలతిప్పకుండా నడిచి వెళ్ళి, పైన రాజుగారి కుర్చీ ఎక్కడుండేదని వాచ్‌మన్‌ని అడిగాడు.

రామదాసు జైలు దగ్గర మాత్రం అందరూ ఆగుతారు. కళ్ళొత్తుకుంటారు. తహసీల్దారు సర్కారు పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి లోపలికెళ్ళిన కథ మనందరికీ సినిమా పుణ్యమా అని కంఠతా వచ్చు. ఏమాటకామాట చెప్పుకోవాలి, ఈ రోజుల్లో అయితే ఆయనకు నోటీసు వచ్చేది, స్టే వచ్చేది, జైలు మాత్రం వచ్చేది కాదు. ఆ జైలు గోడల మీదే బొగ్గుతోనూ తాళంచెవితోనూ చెక్కిన ప్రేమికుల పేర్లున్నాయి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని చట్టం చెబుతోంది. గుడి కట్టినవాణ్ణి జైల్లో వేశారు, జైలును చెక్కినవాణ్ణి వదిలేశారు. కోట ఎవరి చేతికి మారినా ఈ న్యాయం మాత్రం మారలేదన్నమాట.

సాలార్‌జంగ్‌లో వేరే తంతు. 1951లో నెహ్రూ చేతుల మీదుగా తెరిచిన ఈ మ్యూజియాన్ని పార్లమెంటు 1961లో జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థగా గుర్తించింది. మా కుటుంబం మాత్రం అందులో ఒక్క గడియారాన్నే గుర్తించింది. కుక్ అండ్ కెల్వీ వారి గడియారమది. గంట గంటకూ గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకు అయితే పన్నెండు దెబ్బలు, అంటే పన్నెండు రెట్ల గిట్టుబాటు. పదకొండున్నరకే జనం చేరతారు, కుర్చీలు పట్టుకుంటారు, రుమాళ్ళు పరుస్తారు. ఈ గడియారం దగ్గరికి చేరడానికి దాటి వచ్చిన గదుల్లో ఏనుగు దంతం పనితనం, జేడ్ పిడుల కత్తులు, చేతిరాత ఖురానులు, రవివర్మ చిత్రాలు ఉన్నాయి. వాటిని వాళ్ళు రైలు కిటికీలోంచి ఊళ్ళు చూసినట్టు చూశారు. పన్నెండయింది. బొమ్మ వచ్చింది. రెండొందల ఫోన్లు లేచాయి. కొట్టింది, పోయింది. "అంతేనా?" అన్నాడు పిల్లవాడు. "ఇప్పుడు లంచ్" అన్నాడు తండ్రి.

ముసుగు రెబెక్కా దగ్గర కాసేపు నిలబడ్డారు, నిజం చెప్పాలి. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీ వెళ్ళినప్పుడు కొని తెచ్చాడు. ముఖం మీద పల్చని ముసుగు, అదీ రాయే. మా అక్క చాలాసేపు చూసి, "ఇంత పల్చని జార్జెట్టు ఇప్పుడు దొరకట్లేదు" అంది. నవ్వకండి. శిల్పి కోరుకున్న మెప్పు కచ్చితంగా అదే.

ఈ గుంపులో ఒక మనిషి ఉంది. బావగారి అమ్మ, పిల్లల నాయనమ్మ. మోకాళ్ళ నొప్పులు. ఎక్కడికి తీసుకెళ్ళినా ఆవిణ్ణి ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, సంచులన్నీ ఒళ్ళో పెట్టి, "నువ్విక్కడే ఉండమ్మా, మేం చూసొస్తాం" అని పోతారు. ఆ రోజూ అంతే. వాళ్ళు గడియారానికి పోయాక ఆవిడ ఎదురుగా గోడకున్న మూడో సాలార్‌జంగ్ బొమ్మ చూసి, ఎవరు నాయనా ఈయన, ఇన్ని సామాన్లు ఎందుకు కొన్నాడు అని నన్నడిగింది. మీర్ యూసఫ్ అలీఖాన్ అని, దివాన్‌గా కొన్నాళ్ళు చేసి మానేశాడని, ఆ తర్వాత జీవితమంతా ఇవే కొన్నాడని, పెళ్ళి చేసుకోలేదని, 1949లో పోయాడని చెప్పాను.

"అదీ సంగతి" అంది. "పెళ్ళామే ఉంటే రెండో గడియారం కొననిచ్చేదా?"

మ్యూజియాల పుట్టుక మీద ఇంతకన్నా గట్టి సిద్ధాంతం నేను వినలేదు. ఆవిణ్ణి మాత్రం లోపలికి తీసుకెళ్ళలేదు ఎవరూ.

తప్పంతా కుటుంబాలదేనంటే పాపం. మ్యూజియాలు కూడా తమ వంతు కృషి చేస్తున్నాయి. గాజు అరలో రాతివిగ్రహం ఉంటుంది. కింద చీటీ: 'విష్ణువు. నల్లరాయి. 12వ శతాబ్దం.' అంతే. అది విష్ణువని నామాలు చూస్తే తెలుస్తోంది, రాయి అని కళ్ళకి తెలుస్తోంది. తెలియనివి నాలుగు, అది ఏ ఊరి గుడిలోంచి వచ్చింది, ఆ గుడి ఏమైంది, చెయ్యి ఎలా విరిగింది, ఇక్కడికి ఎవరు మోసుకొచ్చారు. ఆ నాలుగూ చీటీలో ఉండవు. తెలుగులో రాస్తే అందులోనూ తప్పులు. చీటీ రాసినాయన ఈ విగ్రహంతో మాట్లాడ్డం ఇష్టంలేక మొహం తిప్పుకుని రాసినట్టుంటుంది. మనం చదవం కాబట్టి వాళ్ళు సరిగా రాయరు, వాళ్ళు సరిగా రాయరు కాబట్టి మనం చదవం. ఇద్దరికీ సుఖం.

చదివించే దిక్కులేని చోట గైడు పుడతాడు. గైడు దగ్గర సొరంగం ఉంటుంది. గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం, అందులో నిధి, దాని ముందు పాము. పాము లేని సొరంగాన్ని నేను ఏ గైడు నోటా వినలేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం ముచ్చటా ఇంతే. 1914లో గులాం యాజ్దానీ పెద్దగా మొదలైన నిజాం పురావస్తు శాఖ తవ్వి, ఏరి, తుడిచి పెట్టిన నాణేలు, బౌద్ధ శిల్పాలు, కాకతీయుల రాళ్ళు, అజంతా చిత్రాలకు గీయించిన నకళ్ళు అక్కడున్నాయి. జనం వాటి మధ్యనుంచి దారి అడుక్కుంటూ ఈజిప్టు మమ్మీ దగ్గరికి పరిగెడతారు. ఆరో నిజాం అల్లుడు కొని తెచ్చిన శవమది, ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. పాడవకుండా గాలి చొరని నత్రజని పెట్టెలో పెట్టి కాపాడుతున్నారు. మన ఫణిగిరి బుద్ధుడికి లేని వైభోగం నైలు నది శవానికుంది. పరాయి పీనుగైనా సరే, మనకు పొరుగింటి పుల్లకూరే రుచి.

ఈ మాట అన్నాను కాబట్టి అమెరికా చుట్టాల సంగతీ చెప్పాలి. లండన్‌లో దిగి, విమానం మారేలోపు దొరికిన ఒక రోజులో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళి, 33ఎ గదిలో అమరావతి శిల్పాల ముందు నిలబడి, "దొంగిలించుకుపోయారు మనవి" అని ఆవేశపడి పోస్టు పెట్టారు. న్యాయమైన ఆవేశమే. గుంటూరు నుంచి అమరావతి ఎంత దూరమో మాత్రం వాళ్ళకు తెలియదు. పుట్టి పెరిగింది గుంటూరులోనే. పైగా కథ మొదలు చెబితే వాళ్ళకు నచ్చదు. 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కడుతూ, పక్కనున్న స్తూపం దిబ్బలో మంచి రాళ్ళున్నాయని తవ్వించి గోడలకు వాడించాడు. ఆ సంగతి విని ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత 1845లో మరో అధికారి ఎలియట్ తవ్వి మద్రాసుకు మోశాడు, అక్కడి నుంచి కొన్ని లండన్ వెళ్ళాయి. ఇంగ్లీషువాడు దొంగే, సందేహం లేదు. దొంగ వచ్చేసరికి మన జమీందారుగారు స్తూపంలో కొంత భాగానికి సున్నం కూడా పెట్టించేశారు, అది వేరే విషయం.

పాత రాయితో కొత్త గోడ. ఈ విద్యలో ఇప్పటి లష్కర్ వాళ్ళం వాసిరెడ్డివారికేం తీసిపోము.

మా ఊరికి చరిత్ర లేదని మాకు గట్టి నమ్మకం. చరిత్ర మూసీకి అవతల ఉంటుంది, చార్మినార్ దగ్గర, నవాబుల దగ్గర. ఇవతల ఉన్నది కంటోన్మెంటు, షాపులు, స్టేషను. 1806లో సికందర్ జా పేరున ఊరికి ఈ పేరొచ్చిందని చెబితే, "అలెగ్జాండర్ కాదా?" అన్నాడు బావ. ఆయన నలభై ఏళ్ళుగా మారేడ్‌పల్లి వాసి.

బేగంపేట పాత విమానాశ్రయం పక్కన ఒక చిన్న బంగళా ఉంది. 1897 ఆగస్టు 20న ఆ ఆవరణలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ పొట్ట కోసి, అందులో మలేరియా క్రిమి ఉందని సూక్ష్మదర్శినిలో కనిపెట్టాడు. లోకంలో కోట్లమందిని చంపిన జబ్బును దోమ మోస్తుందని తేలింది రోమ్‌లో కాదు, లండన్‌లో కాదు, మా గల్లీలో. 1902లో నోబెల్ వచ్చింది. ఆ ఆగస్టు 20నే ఇవాళ లోకమంతా దోమల దినమంటున్నారు. రాస్‌కి దోమలు దొరికాయి గానీ, ఆ దోమలు కుట్టడానికి రోగి కావాలి కదా. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని ఒళ్ళప్పగించాడు. నోబెల్ రాస్‌ది, అణాలు హుసేన్ ఖాన్‌వి. ఈ బంగళా పక్కనుంచి మా బావ రోజూ ఫ్లైఓవర్ మీద ఆఫీసుకెళ్తాడు. ఒక్కసారి ఆగుదామంటే "అక్కడేముంది, దోమలు" అన్నాడు. నిజమే, దోమలు ఉన్నాయి. తేడా ఏమిటంటే హుసేన్ ఖాన్ అణా తీసుకున్నాడు, మనం ఉచితంగా ఇస్తున్నాం.

మా క్లాక్‌టవర్ నూట ఇరవై అడుగుల ఎత్తు. గడియారాన్ని సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్ ఇస్తే 1897లో బ్రిటిష్ రెసిడెంటు వచ్చి ప్రారంభించాడు. అంటే రాస్ దోమను కోసిన ఏడాదే ఈ ఊరికి టైమూ తెలిసింది. సాలార్‌జంగ్‌లో బొమ్మ గంట కొడుతుందని అరగంట ముందు రుమాలు పరిచే కుటుంబం, ఈ టవర్ కిందినుంచి ఏళ్ళ తరబడి తిరుగుతోంది. అది టైము చూపిస్తోందో లేదో అడగండి. చెప్పలేరు. టవర్ చూపించేది వాళ్ళకు ఒకటే, ప్యాట్నీ వైపు ఎక్కడ యూటర్న్ తీసుకోవాలో.

బన్సీలాల్‌పేట మెట్లబావి ఇంకో ముచ్చట. నాగన్నకుంట బావి అని పాత పేరు. రాతి మెట్లు, స్తంభాల వసారాలు, నీళ్ళు. దాన్ని మనం దశాబ్దాల పాటు చెత్తతో నింపాం. ఎంత శ్రద్ధగా నింపామంటే, కింద బావి ఉందన్న సంగతి మా తరానికి తెలియనంత. తర్వాత కొందరు పట్టుబట్టి, కార్పొరేషన్‌ను కలుపుకుని, లారీల కొద్దీ చెత్త ఎత్తించి, గోడలు సరిచేయించి 2022 డిసెంబర్‌లో తెరిపించారు. ఇప్పుడు సాయంత్రం లైట్లేస్తారు, చూడముచ్చటగా ఉంటుంది. మా బావా వెళ్ళాడు. "భలే కట్టారు ఆ రోజుల్లో! ఇలాంటి హెరిటేజ్‌ని కాపాడుకోవాలి" అన్నాడు. ఆ బావిలో పడ్డ పాత మంచం కోడు ఒకటి వాళ్ళింటిదే అని నాయనమ్మ చెప్పబోతే అక్క కళ్ళతోనే ఆపింది.

ఆషాఢంలో మహంకాళి బోనాలకు మాత్రం ఊరంతా కదులుతుంది. ఆ గుడి వెనక కథ కూడా ఈ దండు కథే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా వచ్చిందని విని అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడు. జబ్బు తగ్గాక 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడు. పెద్ద పెద్ద రెసిడెంట్ల పేర్లు రోడ్ల మీదినుంచి ఒక్కొక్కటే రాలిపోయాయి గానీ డోలీ మోసినవాడు మొక్కిన మొక్కు రెండు శతాబ్దాలుగా ఆగలేదు. మా ఊరి చరిత్రలో చీటీ అక్కర్లేనిది ఇదొక్కటే. దాన్ని హెరిటేజ్ అంటారని ఎవరికీ తెలియదు కాబట్టే ఇంకా బతికుందేమో.

బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. 1860 నాటి బ్రిటిష్ వాళ్ళ భవనం. ఏడాదిలో కొద్ది రోజులే జనాన్ని రానిచ్చేవారు, 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా తెరిచారు. వంటిల్లు ఒకచోట, భోజనాల గది ఒకచోట, మధ్యలో సొరంగం. గైడు లేకుండా, పాము లేకుండా, నిఖార్సయిన సొరంగం. ఇప్పుడు గోడల మీద చేర్యాల బొమ్మలు వేయించారు. అందరూ ఆ బొమ్మల ముందు ఫొటోలు దిగుతుంటే, చక్రాల కుర్చీ దొరకడం వల్ల ఆ ఒక్కచోట లోపలిదాకా రాగలిగిన నాయనమ్మ, సొరంగం ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, "ఇంత దూరం మోసుకొచ్చేసరికి దొరగారి ఉప్మా చల్లారిపోదూ?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. నేను ఇంటికొచ్చాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. వంటవాడి చెమట, పొగ, మాట దొరల కంట పడకూడదని భూమిలో దారి తవ్విన ఇల్లది. ఆ ఇంటి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఉప్మాదే.

ఇక మా స్టేషను. 1874లో రైలొచ్చింది. తరతరాలుగా ముందరి కమానుల కింద నిలబడి ఆటోవాళ్ళతో బేరాలాడాం, చుట్టాలను ఎక్కించాం, ఏడ్చాం, సమోసాలు తిన్నాం. విస్తరణ పనులకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. ఖర్చు ఏడొందల కోట్లు దాటుతుంది. 2025 మొదట్లో ఆ పాత ముఖాన్ని కూలగొట్టారు. కొత్త స్టేషను విమానాశ్రయంలా ఉంటుందట. రైలెక్కడానికి వెళ్ళేవాడికి విమానాశ్రయం ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. రద్దీ పెరిగింది, ప్లాట్‌ఫారాలు చాలట్లేదు, అన్నీ నిజాలే. కూల్చిన వారం మా వాట్సాప్ గ్రూపులో "ఎంత బాధగా ఉందో" అని నూట పద్దెనిమిది ఏడుపు బొమ్మలొచ్చాయి. అందులో అంతకుముందు ఒక్కసారైనా తలెత్తి ఆ కమానును చూసినవాళ్ళెవరో చెయ్యెత్తమంటే గ్రూపు నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఎవరో గుడ్ మార్నింగ్ పెట్టారు.

అయితే మ్యూజియాన్ని మనసు పెట్టి చూసినవాళ్ళు ఈ నగరంలో అసలు లేరనుకోకండి. ఇద్దరున్నారు. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. ఏడో నిజాంకు 1937 రజతోత్సవాల్లో వచ్చిన కానుకలు, ఆరో నిజాం బట్టలు పెట్టుకున్న మహా పొడవైన బీరువా అక్కడున్నాయి. ఆ బీరువాను చూసి మా అక్క పెట్టిన నిట్టూర్పుకు బావ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. 2018 సెప్టెంబర్‌లో ఓ రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు పైకప్పు దగ్గరి కంతలోంచి తాడుతో లోపలికి దిగారు. కెమెరా మూతి తిప్పారు. రవ్వలూ రాళ్ళూ పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా తీసుకుపోయారు. ముందే వచ్చి చూసిపోయారు. ఏ గదిలో ఏముంది, ఏది ఎంత బరువు, ఏ కిటికీ ఎటు తెరుచుకుంటుంది, అన్నీ కంఠతా. చీటీలతో పని పడలేదు. ముంబయి తీసుకెళ్తే కొనేవాడు దొరకలేదు, తిరిగొచ్చారు, దొరికిపోయారు. నిజాం ఆ డబ్బాలో తిన్నాడో లేదో గానీ, ఒక దొంగ మాత్రం రోజూ అందులోనే తిన్నాడని పోలీసులు చెప్పారు.

ఈ కథ నేను మొన్న కారులో చెప్పాను. వెనక సీట్లో స్టీలు క్యారియరు ఒళ్ళో పెట్టుకుని నాయనమ్మ వింటోంది. బావ "అయితే వచ్చే శుక్రవారం మళ్ళీ అక్కడికే పోదాం" అన్నాడు. శుక్రవారం సెలవని చెప్పాను. పిల్లవాడు ఆ డబ్బా రేటెంతని ఫోన్లో వెతుకుతున్నాడు. అక్క ఇవాళ బిర్యానీకి ప్యారడైజా, వేరే చోటా అని అడిగింది.

"బంగారం డబ్బాలో పులిహోర పెడితే చింతపండుకి చిలుం పడుతుందా, పట్టదా?" అంది నాయనమ్మ.

"ప్యారడైజే" అన్నాడు బావ.